అటక మీది ఆటలు

తొంభైల్లో పాలకొల్లులో ఇంట్లో వీడియో గేమ్ ఉన్న కుర్రాడికి స్నేహితుల కొదవ ఉండేది కాదు. వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం ఎండకి కాలువ గట్టు మీద మనిషి కనిపించకపోయినా, ఆ ఇంటి గుమ్మం ముందు మాత్రం అరడజను జతల చెప్పులు పడి ఉండేవి. లోపల టీవీ ముందు చాప, రెండు రిమోట్లు, వాటి కోసం ఆరుగురు. "ఒరేయ్, నీ లైఫ్ అయిపోయింది, రిమోట్ ఇటియ్యి" దగ్గర మొదలైన తగాదా, ఆ ఇంటావిడ మజ్జిగ గ్లాసులు తెచ్చేదాకా తెగేది కాదు. ఇంట్లో ఆ పెట్టె లేనివాళ్ళకి గంటకింతని తీసుకుని ఆడనిచ్చే షాపులుండేవి. అక్కడ కూడా ఆడేవాళ్ళకంటే వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్ళే ఎక్కువ.

ఆ పెట్టె పుట్టిల్లు జపాన్. నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫ్యామికామ్ పేరుతో దాన్ని విడుదల చేసింది. 1985లో అదే యంత్రం ఎన్‌ఈఎస్ అనే పేరుతో అమెరికా చేరింది. రెండూ కలిపి ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గోదావరి జిల్లాల ఇళ్ళలోకి వచ్చినవి మాత్రం చాలావరకు దాని నకళ్ళు. తైవాన్‌లో తయారైన మైక్రో జీనియస్ లాంటివి ప్రపంచమంతా తిరిగాయి. 1992లో రష్యాలో డెండీ పేరుతో అమ్మినదీ అలాంటిదే. మన దేశంలో లిటిల్ మాస్టర్, ఆ తర్వాత మితాషి పేర్లు ఆ తరానికి ఇప్పటికీ గుర్తే. నరసాపురం, పాలకొల్లు, ఆచంట వైపు నుంచి బతుకుదెరువుకి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు సెలవుల మీద ఇంటికొస్తే, వాళ్ళ సామాన్లలో సెంటు సీసాలూ చీరలతో పాటు ఇది కూడా దిగేది.

క్యాసెట్ అట్ట మీద "9999 ఇన్ 1" అని ఉండేది. లోపల నిజంగా ఉన్న ఆటలు కొన్నే. అవే ఆటల్ని స్టేజీ మార్చి, లైఫ్‌లు మార్చి జాబితా పొడుగునా మళ్ళీ మళ్ళీ పేర్చేవారు. తెర మీద రావలసిన నింటెండో, నామ్కో పేర్లను చాలా క్యాసెట్లలో చెరిపేసేవారు. ఇలా ఒక తరం మొత్తం, తాను ప్రాణంగా ఆడిన ఆటల్ని ఎవరు చేశారో తెలియకుండానే పెరిగి పెద్దదైంది.

చేసినవాళ్ళ పనితనం తెలిస్తే ఆ ఆటల మీద గౌరవం రెట్టింపవుతుంది. ఆ యంత్రంలో ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పనిచేసే మెమరీ 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటి సాధారణంగా అంతకంటే పెద్దది. చోటు చాలక షిగెరు మియామొటో బృందం ఆకాశంలో మబ్బుకీ నేల మీద పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మాత్రం మార్చింది. ఒక అడ్డ వరసలో ఎనిమిది కంటే ఎక్కువ కదిలే బొమ్మల్ని ఆ యంత్రం చూపించలేదు. శత్రువులు గుమిగూడినప్పుడు తెర మీద బొమ్మలు మినుకుమినుకుమన్నది అందుకే. కోజి కొండో ఆ ఆటకి కట్టిన బాణీని 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి అక్కడ చోటు దక్కడం అదే మొదలు.

కాంట్రా ఆట సంగతి సరేసరి. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఈ వరసలో నొక్కితే ముప్ఫై లైఫ్‌లు. దీన్ని మొదట పెట్టినవారు కొనామి కంపెనీ ఉద్యోగి కజుహిసా హషిమొటో. 1986లో గ్రాడియస్ ఆటని పరీక్షిస్తున్నప్పుడు అది ఆయనకే కొరుకుడు పడక ఈ దొడ్డిదారి పెట్టుకున్నారు. 2020లో ఆయన కన్నుమూసినప్పుడు ప్రపంచవ్యాప్తంగా పత్రికలు నివాళి రాశాయి. జలపాతం స్టేజీలో ఒకడు గబగబా పైకెక్కితే తెర కూడా పైకి జరిగిపోయి, కింద మిగిలినవాడి ప్రాణం పోయేది. "ఆగరా, నేనింకా ఎక్కలేదు!" అని అరవని జంట లేదు. ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీలో ఇద్దరూ కలిసి ఇటుక గోడల మధ్య గద్దని కాపాడుకోవాలి. అందులో సొంతంగా స్టేజీ కట్టుకునే వీలు కూడా ఉండేది. నామ్కో 1985లోనే పిల్లల చేతికి ఆ పనిముట్టు ఇచ్చింది.

ఇక డక్ హంట్ ఆటలో బాతుల్ని కొట్టే తుపాకీ. అందులోంచి ఏమీ బయటికి రాదు. నిజానికి అదొక కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. గొట్టంలోని సెన్సర్‌కి సరిగ్గా ఆ క్షణంలో ఆ వెలుగు కనిపిస్తే బాతు పడినట్టు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఆలస్యం లేకుండా గీతలు గీస్తుంది కాబట్టి ఈ లెక్క కుదిరింది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. అందుకే కొత్త టీవీకి తగిలిస్తే ఆ తుపాకీ గురి ఎప్పటికీ కుదరదు. పాత టీవీని పాత సామాన్లవాడికి వేసిన రోజే ఇంట్లో డక్ హంట్ కూడా ముగిసిపోయింది.

క్యాసెట్‌లో ఊదడం అప్పట్లో తెలుగునాట ప్రతి పిల్లవాడికీ వచ్చిన వైద్యం. బొమ్మ వచ్చేది కూడా. పనిచేసింది మాత్రం ఊపిరి కాదు. తీసి మళ్ళీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా తగులుకునేవి, అంతే. నోటి తేమ వల్ల ఆ పిన్నులకి చిలుము పట్టే ప్రమాదం ఉందని, ఊదవద్దని నింటెండోయే చెప్పింది. అయినా ఆ అలవాటులో ఒక ధైర్యం ఉంది. చెడితే విప్పుతాం, తుడుస్తాం, అతుకుతాం అనే ధైర్యం. అడాప్టర్ పోతే రేడియో షాపతను సోల్డరింగ్ చేసి ఇచ్చేవాడు. రిమోట్ బటన్ కింద రబ్బరు అరిగితే ఇంకో పాత రిమోట్ నుంచి తీసి వేసేవాడు. క్యాసెట్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అన్నయ్య నుంచి తమ్ముడికి, మేనత్త కొడుక్కి చేరేది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు నలభై దాటినవాళ్ళు తలచుకునేది మారియోని ఒక్కడినే కాదు, ఈ స్వేచ్ఛని కూడా. ఈ కాలమ్ గట్టిగా చెప్పదలచింది అదే.

ఆ జ్ఞాపకాల్లో తెలుగువాళ్ళు తమదిగా చెప్పుకోవలసిన వాటా ఒకటుంది. 2009లో సోనీ ప్లేస్టేషన్ 2 మీద "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆట వచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా దానికి పేరొచ్చింది. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ కార్యకర్త అభ్యంతరం చెబితే విదేశీ పత్రికల్లో వార్తైంది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర "దేశీ అడ్డా" చేసింది. కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు ప్లేస్టేషన్ తెర మీదికొచ్చాయి. ఆ స్టూడియోయే షారుఖ్ ఖాన్ సినిమా ఆధారంగా "డాన్ 2" ఆటని 2013లో ప్లేస్టేషన్ 2కి తెచ్చింది. పదహారు కోట్ల దాకా అమ్ముడైన ఆ యంత్రం తయారీని సోనీ అప్పటికే ఆపేసింది. అంటే ప్రపంచ చరిత్రలో అందరికంటే ఎక్కువగా అమ్ముడైన కన్సోల్ చివరి రోజుల్లో, దానికి కొత్త ఆటలు అందించినవాళ్ళలో హైదరాబాద్ వాళ్ళున్నారు.

ఈ ఆటలు విమర్శకుల మన్నన పొందిన గొప్ప కళాఖండాలేమీ కావు. తొలి అడుగులు మాత్రం ఇవే. ఇవాళ ఒక తెలుగు విద్యార్థి వీటిని ఆడి చూడాలంటే పాత డిస్క్ సంపాదించాలి, దాన్ని చదివే పాత యంత్రం సంపాదించాలి.

ఇది పాలకొల్లుకి వేరే చెప్పక్కర్లేని బాధ. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరిది. తొలినాళ్ళ తెలుగు టాకీల్లో చాలావాటి ప్రింట్లు ఇవాళ ఎక్కడా లేవని సినిమా ప్రేమికులకు తెలుసు. భద్రపరచాలన్న ఆలోచన వచ్చేనాటికే నష్టం జరిగిపోయింది. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో మొదలైంది 1964లో. పుస్తకాలకి అంతకు ముందే రక్షణ దొరికింది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా వంటి గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి పంపాలి. వీడియో గేమ్‌కి అలాంటి చట్టం లేదు. హైదరాబాద్‌లో చేసిన ఆట ప్రతి ఏ ప్రభుత్వ అల్మారాలోనూ ఉండి తీరాలన్న నియమం లేదు.

మిగతా ప్రపంచం కూడా ఆలస్యంగానే మేలుకుంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2012లో ప్యాక్‌మ్యాన్, టెట్రిస్ సహా 14 ఆటల్ని తన సేకరణలో చేర్చుకుంది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అక్కడ విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. అదే ఏడు మార్చి 27న నింటెండో తన వీ యూ, 3డీఎస్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. డిజిటల్‌గా మాత్రమే వచ్చిన ఆటల్ని కొనుక్కునే దారి ఆ రోజుతో మూసుకుపోయింది.

రాబోయే కన్సోల్ ఎటు పోతోందో చూస్తే ఆందోళన ఇంకా పెరుగుతుంది. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్క్ పెట్టే అర లేదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2కి కొన్ని ఆటలు "గేమ్ కీ కార్డు" రూపంలో వస్తున్నాయి. చేతికి క్యాసెట్ వస్తుంది, లోపల ఆట ఉండదు. ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. సర్వర్ ఆగిపోతే, అప్పటికే దించుకోని వాడికి ఆ కార్డు ఎందుకూ కొరగాదు. ఉబిసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల ఆట "ది క్రూ" సర్వర్లని 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే వాడికి కూడా ఆ ఆట లేకుండా పోయింది. డబ్బిచ్చి డిస్క్ కొన్నవాళ్ళకీ అంతే. దాంతో యూరప్‌లో మొదలైన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమానికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం తెచ్చింది. అమ్ముతున్నది ఆటని కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమే అయితే, ఆ మాట కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి.

ధర సంగతి కూడా తిరగబడింది. పాత రోజుల్లో కన్సోల్ వయసు పెరిగేకొద్దీ ధర తగ్గేది, చిన్న ఊళ్ళకి చేరేది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకి వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో 54,990 అయింది. అంత పెట్టి కొన్నా, పూర్వంలా అన్నయ్య డిస్క్ తమ్ముడికి దక్కుతుందన్న భరోసా రోజురోజుకీ తగ్గుతోంది.

ఈ రంగపు భవిష్యత్తుని నిర్ణయిస్తున్నవారిలో మనవాడూ ఉన్నాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన కొద్ది నెలలకే మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకి కొనాలని నిర్ణయించారు. 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు సుమారు 6,900 కోట్ల డాలర్లతో పూర్తయింది. ఆయన హయాంలోనే ఎక్స్‌బాక్స్ పాత తరాల ఆటల్ని వందల సంఖ్యలో కొత్త యంత్రాల మీద ఆడేలా తీర్చిదిద్దింది. చేయాలనుకుంటే చేయవచ్చని చెప్పడానికి అదొక మంచి ఉదాహరణ. నెలనెలా చందా కట్టే గేమ్ పాస్ పద్ధతిని పెంచింది కూడా ఆ సంస్థే. చందా ఆగితే ఆట ఆగుతుంది. రెండు దారులూ ఒకే ఇంటి నుంచి బయల్దేరాయి. ఏది వెడల్పవుతుందన్నది కొనేవాళ్ళ పట్టుదల మీద కూడా ఆధారపడి ఉంది.

ఈ వ్యాసకర్త కోరిక పెద్దదేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఆటలు చేసే స్టూడియోలు తాము విడుదల చేసిన ప్రతి ఆట నుంచీ ఒక పనిచేసే ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. ఆ గ్రంథాలయం ఒక ప్లేస్టేషన్ 2ని, ఒక పిక్చర్ ట్యూబ్ టీవీని పనిచేసే స్థితిలో ఉంచాలి. ఆ ఆటలకి బొమ్మలు గీసినవాళ్ళు, కోడ్ రాసినవాళ్ళు ఇప్పుడు మంచి వయసులో ఉన్నారు. వాళ్ళ అనుభవాల్ని పేర్లతో సహా రికార్డు చేయాలి. క్యాసెట్ తెర మీద పేర్లు చెరిపేసిన పొరపాటు మన విషయంలో జరగకూడదు.

ఇంట్లో చేయవలసినవీ ఉన్నాయి. డెల్టా తేమకి అటక మంచి చోటు కాదు. పెట్టెని దించి, తుపాకీలోనో రిమోట్‌లోనో సెల్స్ మిగిలి ఉంటే తీసేయండి. కారిన సెల్ లోపలి రేకుల్ని తినేస్తుంది. క్యాసెట్ పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టి చూడండి. అడాప్టర్‌ని నేరుగా తగిలించకుండా ముందు ఎలక్ట్రీషియన్ చేత ఓల్టేజీ చూపించండి. పాత టీవీ వెనక మూత మాత్రం మీరు విప్పకండి. ఆపి ఉంచిన ట్యూబులో కూడా ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. డిస్కుల్ని నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. వాటిలో "హనుమాన్" గానీ "దేశీ అడ్డా" గానీ కనిపిస్తే, ఏ ఊళ్ళో, ఏ ఏడు కొన్నారో ఒక చీటీ మీద రాసి పెట్టెలో ఉంచండి. అప్పట్లో మీ పక్కన కూర్చుని ఆడినవాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళ ఇళ్ళలో ఏముందో కూడా అడగండి.