ఆపకుండా కలిపే పనితనం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మునేటి ఒడ్డున తిరుపతమ్మ కొలువైన పెనుగంచిప్రోలు కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, చిరునామాలో జిల్లా పేరు మారింది.

జిల్లాకో డేటాబేస్ ఉన్న వ్యవస్థను ఊహించండి. ఇలాంటి రోజున దాన్ని ఆపకుండా కొత్త కనెక్షన్లు చేర్చే జావా పనివాడి నేర్పు చూసి తీరాల్సిందే.

అతని చేతిలో ఉన్నది వ్యవస్థల మధ్య డేటాను చేరవేసే, 2007లో మొదలైన అపాచీ క్యామెల్ అనుకుందాం. అందులో రూటు, అంటే డేటా నడిచే దారి, డేటాబేస్ వివరాలు మోయనక్కర్లేదు, ఒక పేరు చెబితే చాలు. ఆ పేరు ఎవరిదో రిజిస్ట్రీ చూసి చెబుతుంది. కాబట్టి ముందు కనెక్షన్ పూల్ తయారు చేసి, పేరు పెట్టి రిజిస్ట్రీలో బైండ్ చేయాలి. రూటు చేర్చడం ఆ తర్వాతే. వరుస తప్పితే రూటు లేవదు.

అసలు పనితనం లెక్క దగ్గర తెలుస్తుంది. కనెక్షన్ పూల్‌కు హికారీ వాడి, దాని సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే ఒక్కో పూల్ పది కనెక్షన్లు తెరుస్తుంది. డేటాబేసులన్నీ ఒకే సర్వర్‌లో ఉంటే, 26 పూల్స్ అంటే 260. పోస్ట్‌గ్రెస్ సర్వర్ మామూలుగా ఒప్పుకునేది 100! అందుకే తెలిసినవాడు ముందే పూల్ సైజు తగ్గిస్తాడు.

ఇంకో చిక్కుంది. పాత పేరుకే కొత్త పూల్ తగిలిస్తే చాలదు, రూటును డేటాబేస్‌కు కలిపే ఎండ్‌పాయింట్ ముందే తయారై ఉంటే పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఈ మొండితనం మొదటిసారి చూసినవాళ్లకు దెయ్యం పట్టినట్టే ఉంటుంది. చేయి తిరిగినవాడు ఆ రూటు ఒక్కదాన్నే ఆపి, ఎండ్‌పాయింట్‌తో సహా తీసేసి, కొత్తది నిలబెట్టి, ఆఖరున పాత పూల్ మూస్తాడు. ఈలోగా మిగతా రూట్లు నడుస్తూనే ఉంటాయి.