ఒంటరి బండి, పరాయి దేశం

కాశీబుగ్గలో పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగిన మోటారుసైకిలు ఇచ్ఛాపురం, బరంపురం, భువనేశ్వర్, బాలేశ్వర్ దాటి, బెంగాల్ పొడవునా నడిచి సిలిగురి చేరేసరికి సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు తిరుగుతుంది. సిలిగురి పక్కనే పానీటంకీ. అక్కడ మేచీ నది వంతెనకు అవతలి ఒడ్డు కాకర్‌భిట్టా, నేపాల్ దేశం. ఓడ ఎక్కనక్కర్లేదు, విమానం ఎక్కనక్కర్లేదు, భారతీయుడికి వీసా కూడా అక్కర్లేదు. పలాస బజారుకు వెళ్ళే బండి మీదే ఇంకో దేశం తిరిగి రావచ్చు.

పలాస, కాశీబుగ్గల చుట్టూ ఉన్న మన ఉద్దానం మనుషులకు దూరం కొత్త కాదు. సైన్యంలో చేరి సరిహద్దులకు వెళ్ళినవాళ్ళు, గల్ఫ్‌కు కూలికి వెళ్ళినవాళ్ళు, గుజరాత్ రేవుల్లో వేట పడవలెక్కినవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళను బతుకుతెరువు తీసుకెళ్ళింది. చూడటానికీ తెలుసుకోవడానికీ తనంతట తాను, తన బండి మీద, ఒక్కడే వెళ్ళడం వేరే దారి. ఈ దారిని చాలామంది పోకిరీతనం అనుకుంటారు, కొందరు వీరత్వం అంటారు. నా దృష్టిలో ఇది రెండూ కాదు. ఇది నేర్చుకోవలసిన విద్య. దీనికి పెద్దలున్నారు, పద్ధతులున్నాయి, ఫలం ఉంది.

ముందు నడిచినవాళ్ళు

అమెరికన్ యువకుడు రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ 1932లో లండన్ నుంచి డగ్లస్ మోటారుసైకిలు మీద బయలుదేరి, భారతదేశం మీదుగా తూర్పు ఆసియా దాకా ఒంటరిగా వెళ్ళాడు. టెడ్ సైమన్ 1973లో ట్రయంఫ్ బండి మీద లండన్ వదిలి, నాలుగేళ్ళలో 45 దేశాల్లో లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగాడు. దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో, 2001లో, అదే దారి మళ్ళీ పట్టాడు. ఎల్స్‌పెత్ బేర్డ్ అనే ఆంగ్ల యువతి 1982లో బీఎండబ్ల్యూ మీద ఒంటరిగా ప్రపంచం చుట్టి 1984లో ఇల్లు చేరింది.

తెలుగునేల నుంచి కూడా దారి పడింది. 2018లో జైభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మోటారుసైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం వెళ్ళివచ్చారు. మొత్తం సుమారు 17 వేల కిలోమీటర్లు. మెకాంగ్ నది పేరు పెట్టుకున్న ఆ యాత్ర గుంపుగా సాగినా, పరాయి దేశపు రోడ్డు మీద తెలుగు ఆడవాళ్ళు హ్యాండిల్ పట్టగలరని నిరూపించింది. ఒంటరి యాత్రకు మన దగ్గర పెద్ద ఉదాహరణ మాచవరపు ఆదినారాయణ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించిన ఈ ఆచార్యుడు ఇంజనూ లేకుండా కాళ్ళనే నమ్ముకుని దేశం నడిచి, విదేశాలు తిరిగి, 'భ్రమణకాంక్ష', 'భూభ్రమణకాంక్ష' రాశారు.

వీళ్ళ ప్రయాణాలన్నిటినీ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. గుంపులో వెళ్ళినవాడికి కబుర్లకు తోటివాళ్ళే చాలు. ఒక్కడే వెళ్ళినవాడు దారి అడగడానికి, అన్నం తినడానికి, బండి ఆగితే నెట్టించుకోవడానికి ఆ ఊరి మనిషినే ఆశ్రయించాలి. ఆ ఆశ్రయమే ఈ విద్యకు మూలం. మిగతా పద్ధతులన్నీ దానికోసమే.

కాగితం, సామాను

నేపాల్ వెళ్ళేవాడి దగ్గర ఓటరు కార్డు గాని పాస్‌పోర్టు గాని, బండి ఆర్సీ, డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు ఉండాలి. బండి తన పేరు మీదే ఉంటే సగం ప్రశ్నలు పుట్టవు. సరిహద్దులో నేపాల్ కస్టమ్స్ కార్యాలయాన్ని భన్సార్ అంటారు. ఎన్ని రోజులు ఉంటామో చెప్పి, రోజుకింత చొప్పున సుంకం కట్టి చీటీ తీసుకోవాలి. దారిలో పోలీసులు అడిగేది ఆ చీటీనే. రోజులు ఒకటి రెండు ఎక్కువే రాయించుకోవాలి, ఎందుకంటే కొండచరియ విరిగితే రోడ్డు మన తేదీ చూసి తెరుచుకోదు. ఇరాన్ వంటి దేశాలకు వెళ్ళేవాళ్ళకు కార్నెట్ అనే పూచీపత్రం కావాలి. బండిని ఆ దేశంలో అమ్ముకోకుండా తిరిగి తెస్తామని దాని హామీ. ప్రతి కాగితానికీ నకళ్ళు తీసి సంచిలో ఒకటి, ఒంటి మీద ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచాలి.

సామాను కట్టడం కావడి కట్టడం వంటిది: రెండు వైపులా బరువు సమంగా ఉండాలి. బరువైనవి కిందికి, నడిపేవాడి నడుముకు దగ్గరగా రావాలి. వెనక ఎత్తుగా మూట కడితే ముందు చక్రం తేలిపోయి మలుపులో హ్యాండిల్ మాట వినదు. పనిముట్లలో పంక్చర్ కిట్, ట్యూబు, గాలిపంపు, స్పార్క్ ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకు, క్లచ్ లీవరు, బ్రేక్ లీవరు తప్పనిసరి. పాత రైడర్ల కిటుకు ఒకటుంది. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే ముందుగా లాగి, కట్టి ఉంచుతారు. కొండ మీద పాతది తెగితే ట్యాంకు విప్పకుండా, రెండు కొసలు తగిలించి పది నిమిషాల్లో కదలొచ్చు. రోజూ పొద్దున్నే టైర్ల గాలి, చైను వదులు, ఇంజనాయిలు, బ్రేకులు, లైట్లు చూడటం పూజంత నియమంగా జరగాలి. ఐదారు వందల కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ రాత్రే, చైను తుడిచి నూనె పెట్టాలి.

మన ఊరి నుంచి వెళ్ళేవాడు ఇంకొకటి పట్టుకెళ్ళాలి: కాశీబుగ్గ జీడిపప్పు. పొట్లాలుగా కట్టి ఉంచుకుంటే చెడదు, బరువు తక్కువ. నీళ్ళిచ్చిన ఇంట్లో, బండి బాగుచేసి డబ్బు వద్దన్న మెకానిక్ చేతిలో ఒక పొట్లం పెడితే మర్యాద నిలుస్తుంది. మన ఊరెక్కడో చెప్పుకోవడానికి కూడా అదే మొదటి మాట అవుతుంది.

ఒళ్ళు

బండికి చూపే శ్రద్ధ ఒంటికి చూపనివాడు దూరం పోలేడు. ఎండలో గంటల తరబడి గాలికి చెమట ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. రాత్రికి నడుము పట్టేస్తుంది, మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడుగుతాడు. నీళ్ళు తగ్గిన ఒంట్లో నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. ఈ మాట అందరికీ వర్తిస్తుంది, ఉద్దానం వాడికి రెండింతలు. మన ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో చెప్పనక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైందంటే ఆ బాధ అంతటిది. బయలుదేరే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం, గంటకోసారి బండి ఆపి దాహం లేకపోయినా నీళ్ళు తాగడం, నడుము నొప్పికి మాత్ర బదులు విశ్రాంతి ఇవ్వడం మన ప్రాంతపు రైడరుకు మొదటి పాఠం కావాలి.

మైదానంలో రోజుకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు చాలు. కొండల్లో నూరు నూటయాభై దాటకూడదు. చీకటి పడక ముందే బండి నీడకు చేరాలి. రాత్రి రోడ్డు మీద గొయ్యి కనపడదు, పశువు కనపడదు, సాయం చేసే మనిషీ కనపడడు. ఒంటరివాడు ఏ రాత్రి ఎక్కడున్నాడో ఇంట్లో ఒకరికైనా తెలియాలి.

కొండదారి

కాకర్‌భిట్టా నుంచి మహేంద్ర రాజమార్గం తెరాయి మైదానంలో పడమటికి సాగి కోసీ బ్యారేజీ దాటుతుంది. బర్దిబాస్ దగ్గర కుడికి తిరిగితే బీపీ హైవే కొండలెక్కి ఖాట్మండు వైపు వెళ్తుంది. 2024 సెప్టెంబరు వరదలకు ఆ రోడ్డు పలుచోట్ల కొట్టుకుపోయింది. అందుకే మ్యాపు చూసి కాదు, ఎదురొచ్చే లారీ డ్రైవర్లను అడిగి దారి ఎంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చరియలు విరిగే కాలం. అక్టోబరు, నవంబరు మంచి నెలలు. అయితే మనకు అక్టోబరు తుపానుల నెల కూడా. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తిత్లీ ఈ తీరం మీదే విరుచుకుపడ్డాయి. కొండల్లోనే కాదు, ఇంటి దగ్గరా వాతావరణం చూసుకునే కదలాలి.

పోఖరా నుంచి బేనీ, తాతోపానీ, మార్ఫా, జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ దారి ఈ యాత్రకు నిజమైన పరీక్ష. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. అదే నీటిధారల దగ్గర హిందువులు స్నానం చేస్తారు, బౌద్ధులు మొక్కుతారు. ధవళగిరి ఒక పక్క, అన్నపూర్ణ ఒక పక్క, మధ్యన సాలగ్రామాలు దొరికే కాళీగండకి. ఎండ ఎక్కేకొద్దీ ఆ లోయలో గాలి లేస్తుంది. పదకొండు దాటాక జోమ్‌సోమ్, కాగ్‌బేనీల మధ్య అది బండినే పక్కకు తోస్తుంది. కనుక తెల్లవారుతూనే కదలాలి. గాలి పట్టుకుంటే ఒళ్ళు ట్యాంకు మీదికి వంచి, మోకాళ్ళతో ట్యాంకు బిగించి, హ్యాండిల్‌ను మాత్రం వదులుగా పట్టుకోవాలి. చేతులు బిగిస్తే ఒంటికి తగిలిన ప్రతి తోపూ ముందు చక్రానికి పోతుంది.

వాగులు దాటే పద్ధతీ పొద్దుటి పద్ధతే. మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది. ముందు ఒక జీపో బస్సో దాటేదాకా ఆగి, చక్రాలు ఎంత మునిగాయో చూడాలి. మొదటి గేరులో, యాక్సిలేటరు నిలకడగా పట్టి, చూపు నీటి మీద కాక అవతలి ఒడ్డు మీద పెట్టి వెళ్ళాలి. మధ్యలో గేరు మార్చకూడదు. దిగుడులో బ్రేకునే తొక్కుతూ పోతే వేడెక్కి పట్టు పోతుంది. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగడం క్షేమం. ఎక్కేవాడికి దారి వదలడం కొండ మర్యాద. వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు చొప్పున ఇంజను బలం తగ్గుతుంది కాబట్టి ముక్తినాథ్ దగ్గర బండి నీరసించినా కంగారు పడనక్కర్లేదు. మనిషికీ అక్కడ ప్రాణవాయువు తక్కువే. పోఖరా నుంచి ఒక్క రోజులో ఎక్కేయకుండా తాతోపానీలో, మార్ఫాలో రాత్రులు ఆగాలి. పైకి వెళ్ళి దర్శించుకుని, కిందికొచ్చి పడుకోవాలి. తలనొప్పి, వాంతి ముదిరితే దానికి మందు దిగిపోవడమే.

వీటిని నేర్వడానికి నేపాల్ దాకా వెళ్ళక్కర్లేదు. టెక్కలి నుంచి మెళియాపుట్టి మీదుగా పర్లాకిమిడి, అక్కడి నుంచి గజపతి జిల్లా ఘాట్ రోడ్లు మంచి బడి. ఆ కొండల్లోనే చంద్రగిరి టిబెటన్ల ఊరుంది. ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్‌లో కనపడబోయే బౌద్ధ పతాకాలు మొదట అక్కడే కనపడతాయి. భావనపాడు తీరం వెంట ఎదురుగాలిలో నడిపి గాలి పాఠమూ నేర్చుకోవచ్చు.

మాట, మర్యాద, రాత

ఊరు రాగానే వేగం తగ్గించడం, హెల్మెట్ తీసి మొహం చూపించాకే దారి అడగడం, పెద్దవాళ్ళను దాయ్, దీదీ అని వరుస కలిపి పలకడం, పెట్టిన దాల్‌భాత్ పారేయకుండా తినడం ఈ విద్యలో సగం. ఖాట్మండులో 2017 నుంచి అనవసరపు హారన్ నిషేధం. మన బజార్లలో హారన్ మీద వేలు తీయనివాడు అక్కడ రెండు రోజులుంటే, హారన్ లేకుండానూ ట్రాఫిక్ నడుస్తుందని ఒళ్ళు ఒప్పుకుంటుంది. పరాయి దేశం నేర్పేది ఇలాంటివే.

చివరి పద్ధతి రాసిపెట్టడం. ఇందులో తెలుగువాళ్ళది పెద్ద చెయ్యి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో కలకత్తా, పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా ఈ తీరం వెంటే నడిచి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏ దారి ఇసుక, ఏ దారి బురద అన్నది మిత్రుడికి ఉత్తరాలుగా రాశాడు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' వెనక వచ్చేవాడి కోసం రాసింది. ఇవాళ చాలామంది రైడర్లు వీడియోలు తీస్తున్నారు, మంచిదే. కానీ వాటిలో ఎక్కువ భాగం తీసినవాడి మొహమే. ఫలానా వంతెన ఈ నెలలో ఎలా ఉంది, ఫలానా ఊళ్ళో పంక్చరు ఎవరు వేస్తారు, గది ఎంత, ఎవరు ఎలా ఆదరించారు అన్న నాలుగు పేజీలు తెలుగులో రాసిపెడితే, అది ఇంకొకరికి ధైర్యం అవుతుంది.

ఉద్దానంలో బండి లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. ఆ బండిని వేగానికి, పందాలకు, రాత్రి హైవే మీద చావులకు ఇచ్చేస్తున్న కుర్రాళ్ళను చూస్తూనే ఉన్నాం. అదే చేతికి ఈ విద్య అందితే ఓర్పు, లెక్క, పరాయి మనిషి మీద గౌరవం అలవడతాయి. మన కాలేజీలు, యువజన సంఘాలు ఏడాదికి ఒక శిక్షణ శిబిరమైనా పెట్టాలి: పంక్చరు వేయడం, ఘాట్ రోడ్డు నడపడం, ప్రథమ చికిత్స, ప్రయాణపు డైరీ. ఆడపిల్లలనూ అందులో కూర్చోబెట్టాలి. నేర్చుకున్నవాళ్ళను తల్లిదండ్రులు ఆపకండి, నేర్చుకోనివాళ్ళను పంపకండి.