గడ్డకట్టింది పైపులే

మనకి మంచు అంటే సినిమా పాట. స్విట్జర్లాండ్‌లోనో కశ్మీర్‌లోనో పల్చటి చీరలో హీరోయిన్, కోటు మీద కోటు వేసుకున్న హీరో. ఆ మంచుకి ఎవరింట్లోనూ కుళాయి ఆగిపోదు. పుస్తకాల్లోకి వచ్చేసరికి అదే మంచు ఒంటరితనానికో మరణానికో గుర్తయి కూర్చుంటుంది. సిల్వియా ప్లాత్ చిన్న వ్యాసం 'స్నో బ్లిట్జ్' నాకు నచ్చడానికి మొదటి కారణం, అందులో మంచు మంచే.

1962 క్రిస్మస్ మర్నాడు లండన్‌లో మంచు పడడం మొదలైంది. మార్చి మొదటి వారం దాకా దేశం తేరుకోలేదు. మధ్య ఇంగ్లండ్‌లో 1740 తర్వాత అంత చలికాలం మళ్లీ రాలేదు. జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 2.1 డిగ్రీలు. ఎఫ్‌ఏ కప్ ఫుట్‌బాల్ మూడో రౌండ్ పూర్తవడానికి 66 రోజులు పట్టింది. సరిగ్గా ఆ డిసెంబర్‌లోనే, భర్త టెడ్ హ్యూజ్‌తో విడిపోయిన ప్లాత్ ఇద్దరు పిల్లలతో ఫిట్జ్‌రాయ్ రోడ్డులోని ఫ్లాట్‌కి మారింది. పాపకి మూడేళ్లు లేవు, బాబుకి ఏడాది నిండలేదు.

వ్యాసంలో ఏముంది? స్నానాల తొట్టిలో మురికినీళ్లు, గడ్డకట్టిన పైపులు, కరెంటు కోతలు, దొరకని కొవ్వొత్తులు, ఏజెంటుకి ఫోన్లు, ప్లంబర్ కోసం ఎదురుచూపులు. అంతే. కానీ ఏడుపు లేదు, హాస్యం ఉంది. బోస్టన్‌లో పుట్టిన ప్లాత్‌కి మంచు కొత్త కాదు. మంచు పడుతుందని ఒప్పుకోని దేశమే కొత్త. ఇలాంటిది ఎప్పుడో గానీ రాదు కదా, ఏర్పాట్లెందుకు అన్నది అక్కడి తర్కం. వచ్చాక మాత్రం పళ్ల బిగువున ఓర్చుకోవడం. 'బ్లిట్జ్' అంటే 1940-41లో లండన్ మీద జరిగిన జర్మన్ బాంబుదాడులు. వాటిని ఓర్చుకున్నామని గర్వంగా చెప్పుకునే ఊరిని ప్లాత్ ఆ ఒక్క మాటతో మెచ్చుకుంటూనే గిల్లుతుంది. ఓర్పుని అంతగా పొగిడే చోట, ఓర్చుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు.

1963 ఫిబ్రవరి 11న, 30 ఏళ్ల వయసులో ప్లాత్ ఆత్మహత్య చేసుకుంది. ఈ వ్యాసం 'జానీ పానిక్ అండ్ ద బైబిల్ ఆఫ్ డ్రీమ్స్' పుస్తకంలో వచ్చింది 1977లో. అంటే ముగింపు తెలిసిన వాళ్లమే దాన్ని చదువుతున్నాం. దాంతో ప్రతి వాక్యం ఒక సూచనైపోతుంది. గడ్డకట్టిన పైపు గడ్డకట్టిన మనసవుతుంది. నా పేచీ ఇక్కడే. ఈ రకం చదువు పైకి దయగా కనిపిస్తుంది గానీ, ప్లాత్ జోకునీ ఆమె ఆరోపణనీ రెండింటినీ లాగేసుకుంటుంది. పైపు ప్రతీక అయిపోతే ఇక దాన్ని ఎవరూ బాగుచేయక్కర్లేదు కదా!

అలాగని ఆ చలే ఆమెని చంపిందనడం ఇంకో తేలిక కథ. డిప్రెషన్ ఆమెకి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉంది. నేననేది ఒకటే: పసిపిల్లలతో నీళ్లూ వెలుతురూ లేని ఇంట్లో ఉండడం అనేది మనసుకి సంబంధించిన విషయం కంటే ముందు ఊరి నిర్వహణకి సంబంధించిన విషయం. వ్యాసం దాన్ని అలాగే చూసింది.

లోపం లేదా అంటే ఉంది. ప్లంబర్లు, ఏజెంట్లు, దుకాణాల వాళ్లు ఇందులో కార్టూన్ బొమ్మల్లా వచ్చిపోతారు. ఆ మంచులో తిరిగి పనిచేస్తున్న వాళ్లకీ చలేస్తుందన్న ధ్యాస రచయిత్రికి పెద్దగా లేదు. నవ్వించాలన్న తొందరలో అది జారిపోయింది.

చివర్లో ప్లాత్ భవిష్యత్తుని ఊహిస్తుంది. పిల్లలు పెద్దవాళ్లై, గట్టిపడి, ముసలి తల్లి కోసం కొవ్వొత్తుల క్యూలో జనాన్ని తోసుకుంటూ వెళ్తారట. తర్వాత జరిగింది తెలిసిన మనం అక్కడ ఉలిక్కిపడతాం. తప్పదు. కానీ ఆ వాక్యం రాసిన మనిషి ముసలితనం దాకా బతికే లెక్కలోనే జోకేసింది. మొదటిసారి చదివేవాళ్లు అక్కడ ముందు నవ్వాలి. ఉలికిపాటు ఎలాగూ వస్తుంది.