రాబర్టు ఫెర్గుసన్ కవితలు - దేశభాషా ప్రయోగము

పదునెనిమిదవ శతాబ్దపు స్కాట్లండు కవులలో రాబర్టు బర్న్సు లోకప్రసిద్ధుడు. ఆయనకు ముందు అదే భాషలో కవిత చెప్పిన రాబర్టు ఫెర్గుసన్ పేరు సాహిత్యచరిత్రలలో తఱచుగా బర్న్సు కవితకు పీఠికగానే కనబడును. బర్న్సు ఆతనిని తన యగ్రజునిగా భావించి, ఎడింబరోలోని కానన్‌గేటు శ్మశానమున గుర్తు లేక పడియున్న ఆతని సమాధిపై శిల నిలుపుటకు 1787లో అనుమతి కోరెను. ఈ భక్తియే ఫెర్గుసన్‌కు కొంత యపకారము చేసినది. విమర్శకులు ఆతనికి మార్గదర్శి యను బిరుదు నిచ్చి ఆతని కవితను దాటిపోయిరి. ఆ కవితకు స్వతంత్రమగు విలువ కలదనియు, అది దేశభాషా ప్రయోగమున నున్నదనియు మేము తలంతుము.

ఫెర్గుసన్ 1750లో ఎడింబరోలో జన్మించెను. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చదివి, పట్టము పొందకయే వెడలి, న్యాయస్థాన కార్యాలయమున పత్రములకు నకళ్లు వ్రాయు గుమాస్తాగా జీవించెను. 1774లో, ఇరువదినాలుగవ యేట, ఉన్మాదుల శాలలో మరణించెను. ఆతని ముఖ్యమగు స్కాట్సు కవితలలో పెక్కు 1772, 1773 సంవత్సరములలో వాల్టర్ రడిమన్ వారపత్రికయందు వెలువడినవి. ఆతడు లాటిను నేర్చినవాడు. ఆంగ్లమున పద్యములు కట్టగలవాడు. కావున స్కాట్సు భాష ఆతనికి గతిలేక పట్టినది గాదు, ఎఱిగి వరించినది.

ఛందస్సున నీ వివేకము స్పష్టము. స్టాండర్డ్ హాబీ యను పద్యమునకు ఆరు పాదములు. ఒకటి, రెండు, మూడు, అయిదవ పాదములు దీర్ఘములై ఒకే అంత్యప్రాసతో నడచును. నాలుగు, ఆరవ పాదములు కుఱుచలై వేఱొక ప్రాసతో ముగియును. పదునేడవ శతాబ్దమున రాబర్టు సెంపిల్ ఒక వాద్యకానిపై చెప్పిన హాస్యస్మృతి నుండి ఇది ప్రచారమునకు వచ్చెను. ఫెర్గుసన్ విద్యార్థిదశలో గణితాచార్యుడు డేవిడ్ గ్రెగరీ మరణముపై ఈ పద్యమునే వాడి, హాస్యమును సంతాపమును కలిపెను. 1772లో ‘ద డాఫ్ట్ డేస్’ కవితలో దీనినే ఎడింబరో చలికాలపు పండుగదినముల వర్ణనకు మరల్చెను. అచట దీర్ఘపాదములు దృశ్యమును పఱచుచుండగా కుఱుచపాదములు చమత్కారమును బిగించును.

1773లో శామ్యూల్ జాన్సన్ సెయింట్ ఆండ్రూస్‌కు రాగా ఆచార్యులు విందు చేసిరి. జాన్సన్ తన నిఘంటువున ఓట్సు ఇంగ్లండులో గుఱ్ఱములకును, స్కాట్లండులో మనుష్యులకును ఆహారమని చమత్కరించి యుండెను. ఫెర్గుసన్ రెండు కవితలతో బదులు చెప్పెను. ఒకటి ఆంగ్లమున, జాన్సన్ లాటిను పదాడంబరమునకు వ్యంగ్యానుకరణము. రెండవది స్కాట్సున, ఆ యతిథికి తాను వడ్డింపదలచిన హగ్గిస్, గొఱ్ఱెతల మున్నగు స్వదేశవంటకముల పట్టిక. మొదటిదానిలో పదములు నవ్వునకు గుఱియగును. రెండవదానిలో పదములే ఆత్మగౌరవము.

‘ద ఫార్మర్స్ ఇంగిల్’ ఆతని ప్రౌఢరచన. ఇంగిల్ అనగా ఇంటి పొయ్యిలోని నిప్పు. సాయంకాలమున రైతు ఇల్లు చేరుట, భోజనము, అవ్వ పిల్లలకు చెప్పు దయ్యముల కథలు, నిద్ర, తుదకు కర్షకునకు ఆశీస్సు, ఇదియే వస్తువు. బర్న్సు ‘ద కాటర్స్ సాటర్‌డే నైట్’కు ఇదియే మాతృక. బర్న్సు కావ్యము విస్తృతిలో మిన్న. కాని బైబిలు పఠనము, ప్రార్థన, దేశస్తుతి వచ్చుసరికి ఆయన భాష ఆంగ్లమువైపు ఒరగును. ఉదాత్తభావము దేశభాషలో ఇమడదను శంక అందు ధ్వనించును. ఫెర్గుసన్ ఆ శంకకు లోబడలేదు. భోజనమునకు వాడిన భాషలోనే ఆశీస్సును పలికెను.

ఆతని కవితలన్నియు ఇట్టివని మేము చెప్పము. 1773 సంపుటమున ఆంగ్లపద్యములే అధికము. వానిలోని గోపకులు, వనదేవతలు నాటి కవులందఱి సొత్తే. అయినను ఒకే చేతి నుండి వెడలిన ఈ రెండు తెగల నడుమ నున్న భేదమే మా వాదమునకు ప్రబలమగు సాక్ష్యము. కావున ఫెర్గుసన్‌ను బర్న్సుకు సోపానముగా గాక, దేశభాష సమస్తభావములను మోయగలదని చూపిన కవిగా పఠించుట న్యాయము.