గెర్బర్ భాష: గుణదోష విచారణ

రేడియోను గాని, చేతిఫోనును గాని విప్పి చూచినచో లోపల ఒక పలక కనిపించును. దానిపై తీగలకు బదులు సన్నని రాగిగీతలుండును. ఇదియే ముద్రిత వలయ ఫలకము. దీనిని రూపొందించువాడొకడు, తయారుచేయువాడు వేరొకడు. వారిద్దరు ఒకరినొకరు ఎన్నడును చూడకపోవచ్చును. ఇంజనీరు ఉద్దేశమును కర్మాగారమునకు చేరవేయునవి కొన్ని కంప్యూటరు ఫైళ్లు మాత్రమే. ఆ ఫైళ్లలో మిక్కిలి వాడుకలో నున్నది గెర్బర్ భాష. అది తన పనిని ఎంతవరకు సక్రమముగా నెరవేర్చుచున్నదో విచారింపవలసియున్నది.

పుట్టుక తెలిసినగాని ఈ భాష దోషములు అర్థము కావు. వియన్నాలో 1924లో జన్మించి, నాజీల బారినుండి తప్పించుకొని 1940లో అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ పేరు దీనికి వచ్చినది. ఆయన సంస్థ 1960ల నాటికే ఫోటోప్లాటరులను తయారుచేసినది. ఇవి ఫోటోఫిల్ముపై కాంతితో బొమ్మ గీయు యంత్రములు. దీపము ముందు ఒక చక్రము, ఆ చక్రములో వేర్వేరు ఆకారముల రంధ్రములు ఉండెడివి. 'డి01' అనగా దీపము వెలిగించి కదలుము. 'డి02' అనగా ఆర్పి కదలుము. 'డి03' అనగా ఉన్నచోటనే ఒక్కమారు వెలిగించుము. ఈ ఆజ్ఞలే భాషగా మారినవి.

దీని గుణము సరళత. ఆజ్ఞలు కొద్ది, అవియు మామూలు అక్షరములలోనే ఉండును. గ్రాఫు కాగితముపై బిందువులను గుర్తించగల ఉన్నత పాఠశాల విద్యార్థి చిన్న ఫైలును చదివి, బొమ్మను చేతితోనే గీయగలడు. ఫోటోప్లాటరు చక్రములు మూలపడినను భాష నిలిచియుండుటకు ఈ సరళతయే ముఖ్యకారణము.

ఇక దోషములు. ఆర్‌ఎస్-274-డి అను పాత రూపములో సంఖ్యలకు దశాంశ బిందువు లేదు. పైగా సున్నలను వదలివేయుట ఆచారము. 'ఎక్స్15' అని యున్నదనుకొందము. నియమము ప్రకారము బిందువుకు ముందు రెండంకెలు, తరువాత నాలుగంకెలు. వదలిన సున్నలు ముందువైనచో విలువ 0.0015 అంగుళము, వెనుకవైనచో 15 అంగుళములు. భేదము పదివేల రెట్లు! ఏది సరియో ఫైలు చెప్పదు. చక్రములోని ఏ రంధ్రము ఎంత పరిమాణముగలదో తెలుపు పట్టిక కూడ విడిగా మరొక కాగితముపై వచ్చెడిది. ఆ కాగితము తప్పిపోయినచో ఫైలు మూగది.

1998లో వెలువడిన విస్తృత రూపము, ఆర్‌ఎస్-274-ఎక్స్, ఈ లోపమును తీర్చినది. అంకెల నియమము, కొలత ప్రమాణము, రంధ్రముల ఆకారములు అన్నియు ఫైలులోనే చేరినవి. కాని అంతకంటె లోతైన దోషము మిగిలినది: ఈ భాషకు బొమ్మ తెలియునుగాని అర్థము తెలియదు. 'ఇచ్చట గుండ్రని రాగిచుక్క' అని చెప్పును; అది పరికరపు కాలును అతికించు చోటా, లేక ఒక పొరనుండి మరొక పొరకు విద్యుత్తు పోవు దారియా అని చెప్పదు. నాలుగు పొరల ఫలకములో రెండవ, మూడవ పొరల ఫైళ్లు తారుమారైనను ఏ బొమ్మకాబొమ్మ సక్రమముగానే కనిపించును. ఫలకము మాత్రము చెడును. కాగితముపై తప్పును చెరిపివేయవచ్చును. నూరు ఫలకములు తయారైన పిదప చెరుపుటెట్లు?

ప్రస్తుతము ఈ భాషను నిర్వహించు బెల్జియం సంస్థ యుకామ్‌కో 2014లో ఎక్స్2 రూపమును ప్రకటించినది. ఇది ఏ పొర, ఏ చుక్క, దేనికొరకు అను వివరములను ఫైలులోనే చేర్చుటకు వీలు కల్పించినది. 2020లో ఎక్స్3 రూపము పరికరముల వివరములను కూడ జోడించినది. ఇది సరియైన దిశయే. అయితే పాత యంత్రములకు ఇబ్బంది కలుగకూడదని ఈ వివరములను ఐచ్ఛికములుగా ఉంచిరి. కనుక ఇవి లేని ఫైలు కూడ చెల్లును. ఊహించు భారము తయారీదారునిపై ఇంకను పడుచునేయున్నది. ఓడీబీ ప్లస్‌ప్లస్, ఐపీసీ-2581 అను ఇతర పద్ధతులు సర్వమును ఒక్కచోట చేర్చుననుట నిజమే. కాని అవి క్లిష్టములు, గెర్బర్ ఫైలువలె కంటితో చదివి సులభముగా గ్రహించుటకు వీలైనవి కావు.

కావున గెర్బర్ భాషను త్యజించుట కాదు, దానిని పూర్తిగా పలికించుట కర్తవ్యము. కీకాడ్ వంటి ఉచిత సాధనముతో ఫలకమును రూపొందించు విద్యార్థి ఈ వివరములను తప్పక చేర్చవలెను. పంపుటకు ముందు ఆ ఫైళ్లను వేరొక సాధనములో తెరచి, రంధ్రములు రాగిచుక్కల నడుమ పడినవో లేవో చూడవలెను. ప్రతి పొరపై ఒక పదమును వ్రాసినచో మరియు మంచిది: పైనుండి చూచినపుడు అడుగుపొరలోని అక్షరములు అద్దములోవలె తిరగబడి కనిపించవలెను, అట్లు కానిచో ఆ పొర తలక్రిందులైనట్లే.

ప్రమాణము లేకుండ 'పదునైదు' అని జవాబు వ్రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కు తగ్గించును. అది చాదస్తము కాదని గెర్బర్ చరిత్ర ఋజువు చేయుచున్నది.