వంతెన కింద రబ్బరు

వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయన్న పాఠంలో వంతెన ఉదాహరణ తప్పక వస్తుంది. గర్డరుకు ఒక చివర బిగించి, రెండవ చివర ఉక్కు రోలర్ల మీద ఉంచుతారని చెప్పి పాఠం ముగిస్తారు. ఇది తప్పు కాదు, పాతది. రోలర్లలో తుప్పు, దుమ్ము చేరి అవి కదలకపోతే ఆ తోపంతా స్తంభం మీద పడుతుంది. అందుకే నేడు చాలా రహదారి వంతెనల కింద రబ్బరు దిమ్మలు ఉంటున్నవి. ఆ సంగతి చెప్పేవారు కూడా రబ్బరును పరుపుతో పోల్చి ఊరుకుంటారు. అసలు చిక్కు ఈ పోలికతోనే.

పరుపు నొక్కితే అణగుతుంది. రబ్బరు ఘనపరిమాణం ఇంచుమించు మారదు. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరును బొటనవేలితో గట్టిగా నొక్కితే పక్కలకు ఉబుకుతుంది. ఆ ఉబుకును ఆపితే బరువుకు లొంగదు. కనుకనే రబ్బరు పొరల నడుమ పలుచని ఉక్కు రేకులు అతికిస్తారు. నిలువు బరువుకు దిమ్మ గట్టిగా నిలుస్తుంది. పక్కకు తోస్తే మాత్రం, కాగితాల దొంతివలె, ప్రతి పొరా కాస్త ఒరుగుతుంది. రేకులు దానికి అడ్డురావు.

రబ్బరు చీకిపోదా అని విద్యార్థి అడగడం న్యాయమే. మెల్‌బోర్న్‌లో 1889లో ఒక రైలు వంతెన కింద పెట్టిన రబ్బరు పలకలను దాదాపు నూరేండ్లకు పరీక్షిస్తే, పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే చెడినవి.

అరకులో 20 మీటర్ల కాంక్రీటు వంతెన ఉన్నదనుకుందాము. పుష్యమాసపు తెల్లవారుజాముకు, మే నెల మధ్యాహ్నానికి 30 సెంటిగ్రేడు డిగ్రీల తేడా అనుకుంటే, డిగ్రీకి పది లక్షలలో 12 వంతుల చొప్పున అది 7.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చివరకు 3.6. ఒరుగుదల రబ్బరు మందంలో 0.7 వంతు మించరాదన్నది నియమం. ఆ లెక్కకు 5 మిల్లీమీటర్ల పైచిలుకు రబ్బరు చాలు. కాంక్రీటు ఆరి కుదించుకుపోవడం, బండ్లు బ్రేకు వేయడం కలిస్తే మరింత కావలెను. అలాగని మితిమీరి మందం చేస్తే వంతెన ఊగుతుంది.

పాఠాల బొమ్మలలో వంతెన ఎప్పుడూ చదునుగానే ఉంటుంది. అరకు పిల్లల కళ్ళెదుట ఉన్నది కొండవాలు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖకు తెచ్చేందుకు 1960 దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గపు ఘాటు వాలు 60కి 1. అంత వాలులో దిమ్మను కూడా వాల్చి పెడితే, మోసే ప్రతి 60 టన్నులకు ఒక టన్ను ఎల్లవేళలా దానిని దిగువకు తోస్తుంది. వ్యాకోచం సాయంత్రానికి వెనక్కు పోతుంది. ఈ తోపు పోదు, ఏండ్ల తరబడి రబ్బరును మెల్లగా సాగదీస్తుంది. అందువల్ల దిమ్మను సమతలంగానే కూర్చోబెట్టి, దానికీ గర్డరుకూ మధ్య వాలుకు సరిపడే ఏటవాలు ఉక్కు పలక దూర్చుతారు.