బుల్లెట్ ముందు ఫోర్కులు: పైకి కనిపించని పనితనం

పాత బుల్లెట్‌ను బాగు చేయించాలనుకునేవాళ్లు మొదట ట్యాంకు రంగు గురించి అడుగుతారు, తర్వాత ఇంజను గురించి. ముందు ఫోర్కుల మాట వచ్చేది సీలు కారి, బ్రేకు డ్రమ్ము మీద నూనె చారలు పడ్డాకే. నా ఉద్దేశంలో ఈ వరస తిరగబడాలి. బండి మలుపులో ఎంత నిబ్బరంగా వంగుతుందో, బ్రేకు పట్టినప్పుడు ఎంత నిలకడగా ఆగుతుందో చాలావరకు ఆ రెండు కాళ్ల చేతిలోనే ఉంటుంది.

నూనెతో అదుపయ్యే టెలిస్కోపిక్ ఫోర్కు అమ్మకపు బండ్లలోకి 1935లో బి.ఎం.డబ్ల్యూ. ఆర్12తో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లిషు కంపెనీలు కూడా గర్డర్ ఫోర్కులను వదిలి అదే దారి పట్టాయి. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టి, 1955 నుంచి మద్రాసులో రూపు దిద్దుకున్న బుల్లెట్‌వీ ఆ కోవకు చెందిన ఫోర్కులే.

దాని లోపలి ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి కాలిలోనూ కదలని పైపు ఒకటి. దాని పై కొస హెడ్‌లైటు ఇమిడే పోత అల్యూమినియం కాస్కెట్‌లోకి మరతో బిగుసుకుంటుంది, కొంచెం కింద ‘టీ’ అని పిలిచే అడ్డపట్టీ దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ పైపు మీద ‘బాటమ్’ అనే కింది గొట్టం పైకీ కిందికీ జారుతుంది. బాటమ్ అడుగున నిలబెట్టిన స్టడ్డు, పైపు అడుగునున్న రంధ్రంలోంచి లోపలికి దూరి ఉంటుంది. చక్రం గతుకెక్కగానే కింద ఉన్న నూనె ఆ స్టడ్డుకూ రంధ్రం అంచుకూ మధ్యనున్న సన్నటి సందులోంచి పైకి తోసుకుపోవాలి. ఆ తోపులాటలోనే కుదుపు కరిగిపోతుంది. స్టడ్డు మొదలు దగ్గర లావుగా ఉంటుంది కాబట్టి ఫోర్కు అడుక్కంటా దిగేకొద్దీ సందు ఇరుకవుతుంది, ఆఖరికి మూసుకుపోతుంది. ఇనుము ఇనుమును కొట్టకముందే నూనె దిండులా అడ్డం పడుతుంది. సర్దుబాటు మరలేవీ లేకుండా, ఒక కడ్డీ మందంలోని తేడాతోనే ఇంత పని రాబట్టడం నాకు ఎప్పుడు చూసినా అబ్బురమే.

అందుకే ఫోర్కులు విప్పినప్పుడు చూడాల్సింది ప్రధానంగా సందులే. పైపుకూ బాటమ్‌కూ మధ్యనుండే బుష్ అరిగితే బాటమ్ అటూ ఇటూ ఊగుతుంది, నూనె వెళ్లకూడని దారిన వెళ్తుంది, కొత్త సీలు కూడా ఒక పక్కే ఒత్తుకుని త్వరగా పాడవుతుంది. బుష్ మార్చకుండా సీలు మాత్రం మార్చడం డబ్బు దండగ.

విప్పడంలో తొందర పనికిరాదు. బాటమ్ కిందనున్న చిన్న మర తీసి నూనె దించాలి. టీ బోల్టు వదులు చేశాక పైపును తిప్పితే కాస్కెట్‌లోంచి ఊడివస్తుంది. కాస్కెట్ మర అల్యూమినియంది, మొరటుగా తిప్పితే లేచిపోతుంది. పైపు వంకర తెలుసుకోవడానికి మందపాటి అద్దం పలక మీద దొర్లించి చూడటం పాత పద్ధతి, వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో కొలవడం కచ్చితమైన పద్ధతి. కొద్దిపాటి వంకరను ప్రెస్సు మీద చల్లగానే తీయవచ్చు. మడత పడిన పైపును మాత్రం పక్కన పడేయాల్సిందే. మంట పెట్టి సరిచేస్తే ఉక్కు బలం పోతుంది.

పైపు మీద సీలు జారే చోట తుప్పు గుంటలుంటే ఎన్ని సీళ్లు వేసినా కారుడు ఆగదు. అప్పుడు పైపును గ్రైండింగ్ చేయించి, హార్డ్ క్రోమ్ వేయించి, మళ్లీ అసలు కొలతకు గ్రైండింగ్ చేయించాలి. హ్యాండిల్‌కు మెరుపు కోసం వేసే పల్చటి క్రోమ్ ఇక్కడ నిలవదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేతు పనివాళ్లకు ఇవి తెలిసిన పనులే. కంచు బుష్‌ను పైపు కొలతకు తగ్గట్టు తిప్పించుకోవడమూ అక్కడే.

స్ప్రింగులు రెండూ ఒకే పొడవున్నాయో లేదో చూడాలి, ఒకటి కుంగితే రెండూ మార్చాలి. పైన వాషర్లు పేర్చి గట్టిపడిందని సంబరపడేవాళ్లున్నారు. దాంతో బండి ముందుభాగం కాస్త ఎత్తుగా నిలుస్తుందేగాని స్ప్రింగు గట్టిదనం మారదు. నూనె కాలికి సుమారు 200 మిల్లీలీటర్లు, రెండు వైపులా సమానంగా పోయాలి. ఎక్కువైతే పైనున్న గాలికి చోటు తగ్గి ఫోర్కు బిగుసుకుపోతుంది.

ఇక మార్పుల సంగతి. ఫోర్కులు పొడవు పెంచితే తల వెనక్కి వాలుతుంది. రోడ్డు మీద హుందాగా కనిపించినా, సందుల్లో మెల్లగా తిప్పేటప్పుడు హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు పడిపోతుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఇష్టమొచ్చిన మార్పులను ఒప్పుకోదు. నేను మెచ్చే మార్పులు లోపలే ఉంటాయి: మెరుగైన పెదవుల సీళ్లు, దుమ్మును ఆపే రబ్బరు తొడుగులు, హ్యాండిల్ తిరిగే చోటనున్న కోన్ సెట్‌లో గోలీల బదులు టేపర్ రోలర్ బేరింగులు. వీటితో బండి రూపం చెక్కుచెదరదు, నడక మాత్రం మారిపోతుంది.

బిగింపులో చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. ఇరుసు పట్టీని ఒక కాలికి బిగించి, రెండో కాలి పట్టీని వదులుగా ఉంచాలి. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కాలి. అప్పుడు రెండో కాలు ఇరుసు మీద తన చోటు తానే వెతుక్కుంటుంది. ఆ తర్వాతే దాన్ని బిగించాలి. ఇది చేయకపోతే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాగుతూ, కొత్త బుష్‌లను కొద్దికాలంలోనే తినేస్తాయి. కొంతదూరం నడిపి వచ్చాక టీ బోల్టులు, ఇరుసు పట్టీల నట్లు మరోసారి బిగువు చూసుకోవాలి.